మలుపులో బీరువా

మా ఆయన ఇంతవరకూ ఒక్క బీరువా కూడా మొయ్యలేదు. అయినా బీరువాలు మేడ ఎక్కించడంలో విజయవాడ వన్ టౌన్ మొత్తానికి ఆయన్ని మించినవాడు లేడని పేరు. మోసేది లాజరూ, అతని మనుషులూ. మా ఆయన కింద మెట్టు మీద నిలబడి చేతులు తిప్పుతారు. ఆ చేతులు ఎటు తిరిగితే బీరువా అటు తిరుగుతుంది. మా పెళ్ళైన కొత్తలో మా పిన్ని ఆ తతంగం చూసి, "అమ్మాయిని బీరువాల కొట్టుకిచ్చామనుకున్నాం, ట్రాఫిక్ పోలీసుకిచ్చాం" అంది. నేను కాదనలేకపోయాను.

ఆయన పేరు వెంకటసుబ్బారావు. కొట్టు మా మావగారు పెట్టింది. చల్లపల్లి దగ్గర కౌలు వ్యవసాయం వదిలేసి వచ్చి, ముందు ట్రంకు పెట్టెలు అమ్మారు. జనం ట్రంకు పెట్టెలు కొనడం మానేశాక బీరువాలు చేయించారు. చేతులు తిప్పడం కూడా ఆయన దగ్గర్నుంచి వచ్చిందే.

వన్ టౌన్ ఇళ్ళు చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కింద కొట్టు, పైన ఇల్లు, ఆ పైన ఇంకో ఇల్లు కట్టేసి, అంతా అయ్యాక గుర్తొచ్చి మెట్లు కట్టినట్టుంటాయి. ఒకళ్ళు ఎక్కుతుంటే ఇంకొకళ్ళు దిగాలంటే ఇద్దరికీ చుట్టరికం ఉండాలి. అలాంటి మెట్ల మీద మనిషి కంటే ఎత్తున్న ఇనప బీరువా ఎక్కాలి. మా ఆయన టేపు పెట్టి కొలవరు. మెట్ల కింద నిలబడి పైకి చూస్తారు. రెండు చేతుల మధ్య గాల్లో లేని బీరువాని పట్టుకుంటారు. దాన్ని పక్కకి వాలుస్తారు, మూల మీద నిలబెట్టి తిప్పుతారు, ఓసారి వెనక్కి లాగుతారు. అప్పుడు "ఎక్కుతుంది" అనో "ఎక్కదు" అనో అంటారు. ఎక్కుతుందన్నది ఎక్కకపోవడం నేను చూళ్ళేదు.

ఇంట్లోనూ ఇదే వరస. సాంబారు గిన్నె ఫ్రిజ్‌లో పట్టలేదని నేను విసుక్కుంటుంటే, పేపరు పక్కన పెట్టి, కుర్చీలోంచి లేవకుండా చేతులు తిప్పేవారు. "పెరుగు గిన్నె కిందకి దించి, కూరగాయలు నిలువుగా పెట్టి, అప్పుడు పెట్టు" అనేవారు. పట్టేది. నాకు ఒళ్ళు మండేది.

పోయిన వానాకాలంలో కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర కుళ్ళిన టమాటాల మీద స్కూటరు జారి పడ్డారు. కుడి భుజం దగ్గర ఎముక విరిగింది. డాక్టరు కుడి చెయ్యి మొత్తాన్ని ఛాతీకి ఆనించి కట్టేశారు. "కదిలించారంటే ఆపరేషనే" అన్నారు. మా ఆయన డాక్టర్లకి భయపడే మనిషి. వేలు కూడా కదపలేదు.

ఇక ఎడం చెయ్యి సంగతి చెప్పాలి. మా ఆయన చిన్నప్పుడే తల్లి పోతే, పెంచింది ఆయన అక్క రామతులసి. మా వదిన. ఇప్పుడు చల్లపల్లిలో ఉంటుంది. ఆవిడకి ఎడం చెయ్యంటే గిట్టదు. ఎడం చేత్తో ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు, తినకూడదు, ఎవరికీ దారి చూపించకూడదు. చిన్నప్పుడు మా ఆయన మర్చిపోయి ఎడం చెయ్యి ముందుకి చాపితే అట్లకాడ తిరగేసి వేళ్ళ మీద వేసేదట. మనిషికి అరవై దాటాయి, అట్లకాడ ఎప్పుడో పోయింది, భయం మాత్రం పోలేదు.

దాంతో కట్టు పడ్డ రోజునుంచీ ఆయన రెండు చేతులూ లేని మనిషైపోయారు. స్పూను పెట్టి ఎడం చేత్తో తినండి మహాప్రభో అంటే వినలేదు. నేనే కలిపి ముద్దలు పెట్టాను. ముద్ద మరీ పెద్దది కాకూడదు, మరీ చిన్నదైతే పిల్లలకి పెట్టినట్టుందనేవారు. ఎవరైనా ఏదైనా ఇస్తే నేను అందుకుని ఆయనకి అందించాలి. మా వదిన చూడ్డానికి వచ్చి, తమ్ముడి కోసం తెచ్చిన బందరు లడ్డూల డబ్బాని తమ్ముడి ఎదురుగా నిలబడి నా చేతికిచ్చింది. కాఫీ కలిపినా అంతే. గ్లాసు నా చేతికిచ్చేది, నేను ఆయన నోటి దగ్గర పట్టుకునేదాన్ని.

అలాంటి స్థితిలో చౌడేశ్వరి గారింట్లో బీరువా ఎక్కించాల్సి వచ్చింది. వాళ్ళది బట్టల వ్యాపారం, ఇల్లు మూడో అంతస్తు. బీరువా అంటే మాకు ఇనప పెట్టె కాదు, లక్ష్మీదేవి. శుక్రవారం చూసి, తలుపుకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఎక్కిస్తారు. మా ఆయన మెట్ల కింద నిలబడ్డారు. అలవాటు ప్రకారం పైకి చూశారు. కుడి చెయ్యి లేవలేదు కాబట్టి ఎడం చెయ్యి లేచింది.

"అదేంటండీ సుబ్బారావు గారూ!" అని పైనుంచి చౌడేశ్వరి గారు కేక పెట్టారు. "శుక్రవారం పూట అమ్మవారికి ఎడం చేత్తో దారి చూపిస్తారా!"

ఆ గొంతులో ఆయనకి అక్క గొంతు వినపడిందో ఏమో, ఎడం చెయ్యి తీసి ప్యాంటు జేబులో పెట్టేసుకున్నారు. కాసేపు పైకి చూసి "ఎక్కుతుంది" అన్నారు.

ఎక్కలేదు. రెండో మలుపులో ఇరుక్కుంది. ముందుకి పోదు, వెనక్కి రాదు. లాజరు "ఇప్పుడెటండీ" అని అడగడం, ఈయన చేతులు కదపకుండా "ఉండు, ఉండు" అనడం. చౌడేశ్వరి గారు, ఆవిడ కోడలు, వాషింగ్ మిషను రిపేరుకొచ్చిన మనిషి, ముగ్గురూ బీరువాకి పైవైపు ఉండిపోయారు. మధ్యాహ్నం వాళ్ళకి భోజనాలు బుట్టలో పెట్టి తాడుతో లాగారు. చివరికి వెల్డర్ని పిలిపించి మెట్ల రెయిలింగు కోయించారు. ఈలోపు ఆ రిపేరు మనిషి వాషింగ్ మిషనుతో పాటు మిక్సీ, రెండు ఫ్యాన్లూ కూడా బాగుచేసి దిగాడు. ఆ రోజు లాభపడింది అతనొక్కడే.

ఆ తర్వాత గన్నవరంలో ఒక ఇంటికి వెళ్ళి, చెయ్యి జేబులోంచి తియ్యకుండా చూసి, "ఎక్కదు" అని వచ్చేశారు. వాళ్ళు వేరే కొట్లో అదే సైజు బీరువా కొనుక్కున్నారు. చక్కగా ఎక్కిందట. ఆ కబురు మాకు చేరవెయ్యడానికి నలుగురు వేరువేరుగా కష్టపడి వచ్చారు.

అప్పట్నుంచి ఆయన ఎవరి మెట్లూ చూడ్డానికి వెళ్ళలేదు. కొట్లో కూర్చునేవారు. ఒకరోజు నేను కావాలనే ఫ్రిజ్ ముందు నిలబడి, "ఈ గిన్నె పట్టట్లేదండీ" అన్నాను.

"ఏమో, నువ్వే చూసుకో" అన్నారు.

ముప్ఫై ఏళ్ళుగా ఆ మాట కోసమే ఎదురుచూశాను. తీరా విన్నాక నాకు భయం వేసింది.

మర్నాడు అన్నం పెడుతుంటే ఆయనే చెప్పారు. "ఉషా, నాకు కనపడట్లేదు."

"కళ్ళజోడు పెట్టుకోండి."

"కళ్ళకి కాదే. లోపల. ఇదివరకు మెట్లు చూస్తే బీరువా దానంతట అదే తిరిగేది. ఇప్పుడు గోడకి చేరేసినట్టు అలాగే నిలబడుంటోంది. ఎంత తిప్పినా తిరగట్లేదు." ముద్ద మింగి, "నాన్నకి కూడా ఇలాగే మొదలైందేమో" అన్నారు.

మా మావగారు ఆఖరి రోజుల్లో చల్లపల్లిలో మా వదిన దగ్గర ఉన్నారు. జ్వరంతో మంచాన పడి, పొద్దస్తమానం గాల్లో చేతులు తిప్పేవారు. మతి పోయిందన్నారు అందరూ. సెలైను సూది ఊడి వచ్చేస్తోందని మా వదినా, మా ఆయనా కలిసి పాత చీర చింపి ఆ చేతులు మంచం పట్టెలకి కట్టారు. ఆ తర్వాత ఆయన గుమ్మం ఎటుందో చెప్పలేకపోయారు. గోడవైపు తిరిగి తలుపు తియ్యమని అడిగేవారు. ఎక్కువ రోజులు లేరు. మా ఆయనకి మిగిలింది గోడని తలుపు తియ్యమన్న తండ్రి.

"నాకు గుమ్మం తెలియని రోజు రాకముందే కొట్టు కిరణ్‌కుమార్‌కి ఇచ్చేస్తాను" అన్నారు. కిరణ్‌కుమార్ అంటే మా పక్క కొట్లో ప్లాస్టిక్ కుర్చీలు అమ్మే కుర్రాడు. మా కొట్టు మీద ఎప్పట్నుంచో కన్నేశాడు. "మాటిచ్చేశాను. ఆదివారం వస్తాడు."

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. కొట్టు పోతే ఎలా బతుకుతామని కాదు నా బెంగ. కొట్టు లేకపోతే ఈ మనిషి పొద్దున లేచి ఎక్కడికి వెళ్తాడని. అందులోనూ, గుమ్మం తెలియకుండా పోతుందని ఎదురుచూస్తూ కూర్చున్నవాడికి గుమ్మం ఎన్నాళ్ళు గుర్తుంటుంది?

మర్నాడే సూర్యారావుపేటలో మెదడు డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. డాక్టరు ఎలిజబెత్ గారు చిన్న వయసావిడ, నిదానంగా మాట్లాడుతుంది. స్కానింగు తీయించింది. చూసి, "ఏమీ లేదండీ" అంది.

"ఏమీ లేదా?" అని మా ఆయన మొహం ఇంకా పాలిపోయింది.

"జబ్బేమీ లేదండీ" అని, బల్ల సొరుగులోంచి బొమ్మలు తీసింది. అన్నీ చేతుల బొమ్మలే. ఒకటి తలకిందులుగా ఉంది, ఒకటి పక్కకి వాలింది, ఒకటి అరచెయ్యి పైకి పెట్టి వేళ్ళు మనవైపు తిప్పినట్టుంది. ఒక్కోటీ చూపించి, "ఇది కుడి చెయ్యా, ఎడం చెయ్యా?" అని అడిగింది. ఎల్‌కేజీ పిల్లల్ని అడిగినట్టుంది. మా ఆయన ఎడం చేతి బొమ్మలు కొంచెం ఆలోచించి చెప్పారు. కుడి చేతి బొమ్మలు వస్తే చెమటలు పట్టాయి. కొన్ని తప్పు చెప్పారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి నేను పక్కనుంచి గబగబా చెప్పేశాను.

"మీవి అన్నీ కరెక్టేనండీ" అంది డాక్టరు. "ఎలా చెప్పారు?"

"చూసి చెప్పాను."

"ఒళ్ళో చెయ్యి చూసుకోండి."

చూసుకున్నాను. నా కుడి చెయ్యి ఒళ్ళో వెల్లకిలా తిరిగి, వేళ్ళు పక్కకి వంచుకుని, ఆఖరి బొమ్మలో ఉన్నట్టే ఉంది. నేను తిప్పానని నాకే తెలియదు.

"కాపీ కొట్టింది" అన్నారు మా ఆయన.

"అందరూ అలాగే కొడతారండీ" అంది ఆవిడ. "మెదడులో చెయ్యిని కదిలించే భాగం ఉంటుంది. అది చెయ్యి కదపడానికే ఉందనుకుంటాం. కానీ ఒక వస్తువు ఇటు తిరిగితే ఎలా ఉంటుంది, అటు తిరిగితే ఎలా ఉంటుంది అని మనం లోపల తిప్పి చూసుకునేటప్పుడు కూడా అది సాయం పడుతుంది. చెయ్యి పైకి కదలకపోయినా సరే, లోపల కదలడానికి సిద్ధపడుతుంది. ఇన్ని వారాలు కట్టేసి ఉంచితే ఆ సాయం కాస్త తగ్గుతుంది. పైగా మీరు జీవితమంతా చేతులు తిప్పే ఆలోచించారు. ఇప్పుడు ఒక చెయ్యి కట్టులో ఉంది, ఇంకో చెయ్యి జేబులో ఉంది. మతి ఎక్కడికీ పోలేదండీ. కట్టు విప్పేదాకా ఎడం చెయ్యి తిప్పండి."

శనివారం పూట చేపల పులుసు తినమన్నట్టు చూశారు మా ఆయన.

బయటికొచ్చాక, "తలకి బాగోలేదని వెళ్తే చేతికి వైద్యం చెప్పింది" అన్నారు. "ధైర్యం చెప్పడానికి అలాగే అంటారు. నాన్నకి కూడా ఏమీ కాదనే అన్నారు."

"ఒక్కసారి ఎడం చెయ్యి తిప్పి చూస్తే మీ సొమ్మేం పోయింది?"

"అరవై ఏళ్ళొచ్చాక ఇప్పుడు ఎడం చేత్తో లోకానికి దారి చూపించమంటావా?"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో నేను ఎంతసేపని వాదించను. ఆటో ఎక్కాం. ఇంటికొచ్చేదాకా ఆయన ఎడం చెయ్యి జేబులోంచి తియ్యకుండా కూర్చున్నారు, ప్రతి గతుక్కీ నా మీద పడుతూ.

శనివారం పొద్దున మా వదిన ఫోన్ చేసింది. ఆవిడ మేడ మీద ఉంటుంది. దేవుడి గది మేడ మీదే ఉంది కాబట్టి బాత్రూమ్ మేడ మీద ఉండకూడదని అప్పట్లో పట్టుబట్టి కింద పెరట్లో కట్టించుకుంది. ఇప్పుడు మోకాళ్ళు పనిచెయ్యట్లేదు, కిందకి మారిపోవాలి. బీరువా దింపాలి. లాజరుని తీసుకుని రమ్మంది.

"ఇంకెవరినైనా పిలిపించుకో అక్కా" అన్నారు మా ఆయన. ఫోన్ నేను ఆయన చెవి దగ్గర పట్టుకున్నాను.

"నాన్నా నువ్వూ ఎక్కించిన బీరువాని ఇంకెవరో దింపుతార్రా?" అందావిడ. అక్క అడిగితే కాదనడం ఆయనకి చేతకాదు.

అది మా కొట్లో చేయించిన మొదటి బీరువా. మావగారు కూతురికిచ్చారు. ఇప్పటి బీరువాల్లా రేకుది కాదు, ఖాళీగా ఉన్నా నలుగురు పట్టాలి. ఎక్కించినప్పుడు మావగారు కిందా, మా ఆయన పైనా నిలబడి ఇద్దరూ చేతులు తిప్పారట. కరకట్ట మీద వెళ్తూ, "అప్పుడెలా ఎక్కించారు?" అని అడిగాను.

"అదే గుర్తు రావట్లేదు" అన్నారు, పక్కన కృష్ణ వైపు కూడా చూడకుండా.

లాజరూ, అతని ముగ్గురు మనుషులూ ట్రాలీ ఆటోలో మా వెనకే వచ్చారు. మా వదిన చీరలన్నీ తీయించి బీరువా ఖాళీ చేయించింది. తలుపుకి బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంది. మేడ మీద గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, "కానివ్వండి" అంది. నేనూ మా ఆయనా మెట్ల కింద నిలబడ్డాం. ఇద్దరు కిందవైపు, ఇద్దరు పైవైపు పట్టుకుని, కాళ్ళు ముందుగా దింపడం మొదలుపెట్టారు. మలుపు దగ్గరికి వచ్చేసరికి బీరువా కాళ్ళు ఎదుటి గోడకి తగిలాయి. తల వెనకాల స్లాబు అంచు కింద పట్టేసింది. అంతే, మింగలేక కక్కలేక ఆగిపోయింది.

"ఎటండీ షావుకారు గారూ?" అన్నాడు లాజరు.

మా ఆయన పైకి చూస్తున్నారు. కుడి చెయ్యి కట్టులో, ఎడం చెయ్యి జేబులో.

"కొంచెం వెనక్కి."

లాగారు. రాలేదు.

"కొంచెం ఎడమకి. కాదు, కుడికి. ఉండు."

"షావుకారు గారూ, బరువంతా మా మీదుందండీ. ఏదో ఒకటి చెప్పండి."

పైనుంచి మా వదిన, "ఏమైందిరా?" అంది.

"ఏం లేదక్కా, వస్తోంది."

కాసేపయ్యాక మళ్ళీ, "ఒరేయ్ సుబ్బారావూ, నేను కిందకి రావాలి" అంది.

"వస్తోందక్కా."

"బీరువా కాదురా, నేను రావాలి. పొద్దున బీపీ మాత్రతో పాటు నీళ్ళ మాత్ర కూడా వేసుకున్నాను."

లాజరు మనుషులు మొహాలు పక్కకి తిప్పుకున్నారు. మా ఆయన నుదుటి మీద చెమట కారుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి లేదు. నేను కొంగుతో తుడిచాను. ఆయన నాకు మాత్రమే వినపడేట్టు, "ఉషా, ఏమీ తిరగట్లేదే. కిరణ్‌కుమార్‌ని ఇవాళే రమ్మను" అన్నారు. ఆ గొంతు విన్నాక నాకు ఆయన మీద ఇన్నాళ్ళూ ఉన్న కోపమంతా పోయింది. ఆ స్థానంలో ఇంకా పెద్ద కోపం వచ్చింది. ఆయన ప్యాంటు జేబులో చెయ్యి పెట్టి ఆయన ఎడం చెయ్యి బయటికి లాగాను. నలుగురు చూస్తుండగా నేను ఆ మనిషి చెయ్యి పట్టుకోవడం పెళ్ళి తర్వాత ఇదే. పెళ్ళిలో పట్టుకున్నది కుడి చెయ్యి.

"తిప్పండి" అన్నాను.

"అక్క చూస్తోంది" అన్నారు. అరవై దాటిన మనిషి.

అక్క చూస్తూనే ఉంది. కుర్చీలోంచి లేచి, మెట్ల చివర గోడ పట్టుకుని, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని నిలబడింది. తమ్ముడి చెయ్యి నా చేతిలో ఉంది, అది ఏ చెయ్యో ఆవిడకి తెలుస్తూనే ఉంది. ఒక్క క్షణం ఆలోచించింది. నీళ్ళ మాత్ర ఆలోచించనివ్వలేదు.

"ఎడమో కుడో కానీరా! కానీ!" అని అరిచింది.

ఎడం చెయ్యి లేచింది. మొదట ఊరికే గాల్లో ఆగింది. తర్వాత వేళ్ళు దగ్గరికొచ్చి, అరచెయ్యి నిలువుగా తిరిగి, బీరువా అంత వెడల్పయింది. కొంచెం వెనక్కి వాలింది. వెల్లకిలా తిరిగింది. అక్కణ్ణుంచి తిన్నగా ముందుకి, ఇంకా ముందుకి పోయింది. అక్కడ గోడ కదా అనుకున్నాను. మా ఆయన కళ్ళు చెయ్యి వెంట వెళ్ళి ఆగాయి. అక్కడ మలుపు గోడకి ఊచలు లేని పాత కిటికీ ఉంది. చెక్క రెక్కలు తీగతో కట్టేసి ఉన్నాయి. ఇందాకట్నుంచి మేమందరం దాన్ని గోడగానే చూస్తున్నాం.

"లాజరూ, కిటికీ తియ్యి" అన్నారు. గొంతు మారిపోయింది. "రెండు మెట్లు వెనక్కి పట్టండి. తలుపులు పైకొచ్చేట్టు తిప్పండి. ఆ... కాళ్ళు కిటికీలోంచి బయటికి పోనివ్వండి. ఇంకా. భయం లేదు, ఇంకా. తల స్లాబు దాటిందా? ఇప్పుడు తలని ఇటు తిప్పండి, కిందకి. కాళ్ళు లోపలికి లాగండి."

చెయ్యి ముందు తిరుగుతోంది, వెనకాల బీరువా తిరుగుతోంది. వీధిలో ఎవరో, "రామతులసమ్మ గారూ, మీ బీరువా కిటికీలోంచి దూకేస్తోందండీ!" అని అరిచారు. ఆవిడకి జవాబు చెప్పే ఓపిక లేదు. బీరువా తల ముందుగా, పెళ్ళికూతురు గుమ్మం దాటినంత నెమ్మదిగా కిందకి దిగింది. దాని వెనకాలే మా వదిన మోకాళ్ళ నొప్పుల్లేనట్టు దిగి, మమ్మల్నెవరినీ చూడకుండా పెరట్లోకి వెళ్ళిపోయింది.

మా ఆయన కింద మెట్టు మీద నిలబడి ఎడం చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు చూశారు. తర్వాత ఫోన్ తీసి, ఎడం చేత్తోనే నొక్కి, ఎడం చెవి దగ్గర పెట్టుకుని, "కిరణ్‌కుమారూ, రేపు రాకు. కొట్టు ఇవ్వట్లేదయ్యా" అన్నారు. అవతల ఏమన్నాడో గానీ, "బాగానే ఉన్నాను. అందుకే" అని పెట్టేశారు. నాకు అక్కడే కూర్చుని ఏడవాలనిపించింది. లాజరు ముందు బాగోదని మంచినీళ్ళు తాగాను.

బీరువాని కింద గదిలో పెట్టించాం. మావగారు ఆఖరి రోజుల్లో ఉన్న గది అదే. మంచం ఉన్న చోటే బీరువా పెట్టారు, ఇంకెక్కడా గోడ ఖాళీ లేదు. లాజరు వాళ్ళు చేతులు కడుక్కుని టిఫినుకి వెళ్ళారు. మా వదిన వంటింట్లో కాఫీ పెడుతోంది. నేను వెనకే వెళ్ళాను. ఎడం చెయ్యి తిప్పించినందుకు ఆవిడ తిట్లు మొదలుపెట్టేలోపే, డాక్టరు చెప్పిందంతా మొదట్నుంచీ చెప్పాను. చేతుల బొమ్మలు, నా ఒళ్ళో తిరిగిన చెయ్యి, లోపల తిరిగే బీరువా, చెయ్యి కట్టేస్తే అది ఆగిపోవడం. ఆవిడ కాఫీ కలుపుతూనే వింది.

కాఫీ గ్లాసు పట్టుకుని గదిలోకి వచ్చింది. బీరువా వైపు చూసింది. తర్వాత తమ్ముడి ఎడం చేతి వైపు చాలాసేపు చూసింది.

"నాన్న కూడా ఇక్కడ పడుకుని అలాగే తిప్పేవాడు కదరా" అంది.

మా ఆయన అక్క మొహంలోకి చూశారు.

"ఇదే. ముందు ఇలా నిలువుగా పట్టుకుని, వెల్లకిలా తిప్పి, ముందుకి తోసేవాడు. రోజంతా అదే. నాకిప్పుడు చూస్తుంటే గుర్తొచ్చింది." ఆవిడ బీరువా తలుపు మీద చెయ్యి వేసింది. "పైన మేడ మీద దీన్ని పెట్టుకుని నేను మోకాళ్ళు అరిగేలా ఎక్కి దిగుతుంటానని ఎప్పుడూ అనేవాడు. ఇది దింపుతున్నాడేమోరా. మనం చేతులు కట్టేశాం."

అది నిజమో కాదో ఎవరు చెప్తారు. జ్వరంలో మనిషి చేతులు ఎందుకు తిప్పాడో ఏ డాక్టరూ చెప్పలేదు. ఆ మాట నేను అనబోయి ఊరుకున్నాను. మా ఆయన ఏడుస్తున్నారు. పెళ్ళైన ఇన్నేళ్ళలో, తండ్రి పోయిన రోజున కూడా, ఆయన శబ్దం చేసి ఏడవడం నేను చూళ్ళేదు.

నేను గ్లాసు అందుకోవడానికి చెయ్యి చాపాను. మా వదిన నాకివ్వలేదు. తమ్ముడి ఎదురుగా వచ్చి, ఎడం చెయ్యి తీసుకుని, వేళ్ళు విప్పి, గ్లాసు అందులో పెట్టింది. పట్టుకున్నాడా లేదా అని కాసేపు తన చెయ్యి కింద ఉంచి, తర్వాత తీసేసింది.

"వేడిగా ఉంది, చూసుకుని తాగు" అంది.